చుక్కలు కలిపితే ముగ్గు వస్తుంది... కారణం రాదు

కిందటి అక్టోబరు మూడో వారంలో ఒక రాత్రి మా తమ్ముడు హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. “అన్నయ్యా, పాపకు కామెర్లు. కళ్లు పచ్చబడ్డాయి. మా బ్లాకులో ఇంకా చాలామందికి వచ్చాయి. ఎవరి వల్ల వచ్చిందో కూడా తెలిసిపోయింది” అన్నాడు.

పాపకు రక్తపరీక్ష ఫలితమే ఇంకా రాలేదు. జబ్బేమిటో తేలకముందే అది ఎవరి వల్ల వచ్చిందో తేలిపోవడం నాకు వింతగా అనిపించింది. ఎలా తెలిసిందని అడిగితే వాట్సాప్‌లో ఒక బొమ్మ పంపాడు.

నల్లటి తెర మీద రంగురంగుల చుక్కలు. వాటిని కలుపుతూ సన్నటి గీతలు. ఒక్కో చుక్క ఒక్కో ఫ్లాటు. అన్నిటికీ మధ్యలో ఒక పెద్ద ఎర్ర చుక్క. దాని పక్కన ‘మెయిడ్’ అని రాసి ఉంది. ఆ బొమ్మ అసోసియేషన్ గ్రూపులోకి వచ్చిన మర్నాడే, ఏడిళ్లలో అంట్లు తోమి, ఇల్లు తుడిచే ఆమెను గేటు దగ్గరే ఆపేశారు. “అందరికీ తగ్గేదాకా రావద్దు” అన్నారు. ఆ నెల జీతం మాట ఎవరూ ఎత్తలేదు.

నేను వైద్య కళాశాలలో కమ్యూనిటీ మెడిసిన్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని. జబ్బు ఎక్కడ మొదలైంది, ఎవరి నుంచి ఎవరికి వెళ్లింది అని చుక్కలూ గీతలూ గీసి చూడటం మా శాస్త్రంలో చాలా పాత పద్ధతి. ఒకప్పుడు నిపుణులు రోజుల తరబడి కాగితం మీద గీసిన బొమ్మను ఇప్పుడు ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ నిమిషాల్లో గీసిపెడుతోంది. అందుకు సంతోషమే. నా బాధల్లా ఒక్కటే. ఆ బొమ్మ మనకు ఒక ప్రశ్న ఇస్తుంది. మనం దాన్ని తీర్పుగా చదువుతున్నాం.

బొమ్మ ఎలా తయారవుతుంది?

ఆదివారం వాళ్ల అపార్ట్‌మెంట్‌కి వెళ్లాను. బొమ్మ గీసింది పైఅంతస్తులో ఉండే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పాతికేళ్లుంటాయి. పదిమందికీ మేలు చేద్దామన్న తపన ఉన్న కుర్రాడు. “గెఫీలో చేశాను అంకుల్. డేటా నాది కాదు, అందరూ ఇచ్చిందే” అన్నాడు.

గెఫీ ఫ్రాన్స్‌లో విద్యార్థులు మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. దానికి రెండు పట్టికలు ఇస్తే చాలు. ఒకదాంట్లో చుక్కలు, అంటే మనుషులో ఇళ్లో. రెండోదాంట్లో గీతలు, అంటే ఎవరికి ఎవరితో సంబంధం ఉందన్నది. మిగతాది అదే చూసుకుంటుంది. ప్రతి చుక్కా మిగతా చుక్కల్ని దూరంగా నెడుతుంది. ప్రతి గీతా రెండు చుక్కల్ని స్ప్రింగులా దగ్గరకు లాగుతుంది. ఈ లాగులాట ఓ కొలిక్కి వచ్చేసరికి, ఎక్కువ గీతలున్న చుక్క సాధారణంగా నడిమధ్యకు చేరుతుంది. గీతల సంఖ్యను బట్టి చుక్క సైజు పెంచమంటే పెంచుతుంది. ఏ రంగు వేయమంటే ఆ రంగు వేస్తుంది.

అంటే మధ్యలో ఉండటం, పెద్దగా ఉండటం అనేవి గీతల లెక్కకు సంబంధించిన సంగతులు. ఆ గీత దేనికి గుర్తో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. అది మనం చెప్పిందే.

మన ఇళ్ల ముందు చుక్కల ముగ్గు చూడండి. పదిహేను చుక్కలు పెట్టి ఒకావిడ తామర పువ్వు వేస్తుంది. అవే చుక్కలతో పక్కింటావిడ నెమలిని దించుతుంది. చుక్కల్లో పువ్వూ లేదు, నెమలీ లేదు. కలిపే చేతిలో ఉంది.

ఆ కుర్రాడు ఏం కలిపాడు? కామెర్లు వచ్చిన ఇళ్లను మాత్రమే అడిగాడు. గత వారం రోజుల్లో మీ ఇంటికి ఎవరు వచ్చారు, మీ పిల్లలు ఎవరితో ఆడుకున్నారు అని రెండే ప్రశ్నలు. మూడిళ్లవాళ్లు పనావిడ పేరు చెప్పారు. మిగతావాళ్లు ఆ ఇళ్ల పిల్లలతో తమ పిల్లలు ఆడుకున్నారని చెప్పారు. మా తమ్ముడి ఇంట్లో ఆమె పనిచేయదు. కానీ పాప ఆ మూడిళ్లలో ఒకదానికి ట్యూషన్‌కు వెళ్తుంది. ఇక గీతలన్నీ తిరిగి తిరిగి ఆమె దగ్గరికే చేరాయి. వాచ్‌మన్ గురించి అడిగి ఉంటే మధ్యలో వాచ్‌మన్ ఉండేవాడు. లిఫ్టు గురించి అడిగితే లిఫ్టు ఉండేది.

ఆమెను అనుమానించడమే తప్పని నేననను. హెపటైటిస్-ఎ సోకినవారు చేతులు సరిగా కడుక్కోకుండా వంటకాలను తాకితే ఇతరులకు వ్యాపిస్తుంది. అనుమానం రావచ్చు. దాన్ని పరీక్షించకుండా గేటు మూసేయడం తప్పు.

అక్షరం ‘ఓ’ సున్నా అయిన కథ

ఈ పొరపాటు మన అపార్ట్‌మెంట్లలోనే పుట్టలేదు. ఎయిడ్స్‌కు ఇంకా కారణం అంతుబట్టని రోజుల్లో అమెరికాలో సీడీసీ పరిశోధకులు రోగుల మధ్య లైంగిక సంబంధాలను ఇలాగే చుక్కలూ గీతలుగా గీశారు. 10 నగరాల్లోని 40 మంది రోగులు ఒకే అల్లికలో కనిపించారు. ఆ బొమ్మ 1984లో ఒక వైద్య పత్రికలో అచ్చయింది. ఇది అంటువ్యాధేనన్న అవగాహనకు అది ఎంతో తోడ్పడింది. అంతవరకు గొప్ప పని.

ఆ బొమ్మ నడిమధ్యన ఒక చుక్క ఉంది. కెనడాకు చెందిన విమాన సిబ్బంది గేటన్ డూగా అది. పరిశోధకులు కాలిఫోర్నియాను అధ్యయనం చేస్తూ, బయటి నుంచి వచ్చినవాడనే అర్థంలో ఆయనకు ఇంగ్లిష్ అక్షరం ‘ఓ’ గుర్తుగా పెట్టుకున్నారు. చదివినవాళ్లకు అది సున్నాలా కనిపించింది. ‘పేషెంట్ జీరో’ అనే మాట అలా పుట్టింది. 1987లో వచ్చిన ఒక పుస్తకం తర్వాత అమెరికాకు ఎయిడ్స్ తెచ్చింది ఆయనేనని పత్రికలు పతాక శీర్షికలు పెట్టాయి. జవాబు చెప్పుకోవడానికి ఆయన లేడు. 1984లోనే చనిపోయాడు.

ఆయన మధ్యలోకి ఎలా వచ్చాడు? పరిశోధకులు అడిగినప్పుడు ఎంతోమంది తమ భాగస్వాముల పేర్లు గుర్తులేవన్నారు. ఈయన 72 పేర్లు ఇచ్చాడు. పేర్లు ఎక్కువ ఇచ్చినవాడికి గీతలు ఎక్కువ. గీతలు ఎక్కువున్నవాడు మధ్యలోకి వస్తాడు. శాస్త్రవేత్తలకు అందరికంటే ఎక్కువగా సహకరించినందుకు అందరికంటే పెద్ద నేరస్థుడిలా కనిపించాడు. 2016లో పాత రక్త నమూనాల్లోని వైరస్ జన్యువులను విశ్లేషించి ‘నేచర్’ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. ఆ వైరస్ 1970 ప్రాంతంలోనే న్యూయార్క్ చేరిందని, డూగా మొదటివాడు అనడానికి ఆధారం లేదని తేలింది. బొమ్మ గీసిన పరిశోధకులు కూడా ఆయనే మొదటివాడని ఎప్పుడూ అనలేదు. చూసినవాళ్లే అనుకున్నారు. మూడు దశాబ్దాల నింద అది.

జబ్బు పడనివాళ్లు ఎక్కడ?

మంచి బొమ్మ ఎలా ఉంటుందో తెలియాలంటే ఇంకా వెనక్కి, 1854 నాటి లండన్‌కు వెళ్లాలి. బ్రాడ్ స్ట్రీట్ చుట్టుపక్కల కలరా పది రోజుల్లో 500 మందికి పైగా ప్రాణాలు తీసింది. చెడుగాలి వల్లే కలరా వస్తుందని అప్పటి నమ్మకం. డాక్టర్ జాన్ స్నో మాత్రం నీళ్లను అనుమానించాడు. మరణాలను వీధుల పటం మీద గుర్తిస్తే అవన్నీ ఒక చేతిపంపు చుట్టూ కమ్ముకున్నాయి.

పాఠ్యపుస్తకాల్లో కథ సాధారణంగా ఇక్కడితో అయిపోతుంది. నిజానికి స్నో గొప్పతనం ఇక్కడే మొదలవుతుంది. ఆయన రెండు వింతల వెంటపడ్డాడు. మొదటిది, పంపుకు దగ్గరగా ఉండి కూడా జబ్బు పడనివాళ్లు. పక్కనే ఉన్న అనాథాశ్రమం లాంటి వర్క్‌హౌస్‌లో 535 మంది ఉంటే చనిపోయింది ఐదుగురే. వాళ్లకు సొంత బావి ఉంది. అదే వీధిలోని బీరు కర్మాగారంలో 70 మందికి పైగా పనివాళ్లున్నా ఎవరూ కలరాతో చనిపోలేదు. వాళ్లు ఆ పంపు నీళ్లు ముట్టేవారే కాదు. రెండోది, దూరంగా ఉండి కూడా చనిపోయినవాళ్లు. నగరానికి దూరంగా హాంప్‌స్టెడ్‌లో ఉండే ఒక వితంతువు కలరాతో చనిపోయింది. ఆరా తీస్తే, ఆమెకు ఆ పంపు నీళ్ల రుచి ఇష్టమని తెలిసింది. రోజూ సీసాలో తెప్పించుకునేది.

సెప్టెంబరు 8న ఆ పంపు పిడి తీయించారు. జబ్బు పడినవారి చుక్కలకంటే, జబ్బు పడనివారి గురించి ఆయన వేసిన ప్రశ్నలే నీళ్లను పట్టిచ్చాయి.

మా కుర్రాడి బొమ్మలో లేనివి సరిగ్గా అవే. ఆరోగ్యంగా ఉన్న ఇళ్లు ఒక్కటీ లేవు.

అదే సాఫ్ట్‌వేర్, మరో బొమ్మ

ఆ మధ్యాహ్నం మేమిద్దరం కలిసి మళ్లీ మొదలుపెట్టాం. రెండు బ్లాకులు, ఒక్కో బ్లాకుకు 20 ఫ్లాట్లు. ఈసారి నలభై ఇళ్లూ తిరిగాం. జబ్బు పడిన 13 మందికి జ్వరమో వాంతులో ఏ తేదీన మొదలయ్యాయో రాసుకున్నాం.

మొదట తేదీలు మాట్లాడాయి. అప్పటికి పాప రక్తపరీక్ష వచ్చింది, హెపటైటిస్-ఎ. ఈ వైరస్ ఒంట్లోకి వెళ్లాక లక్షణాలు కనిపించడానికి 15 నుంచి 50 రోజులు పడుతుంది. సగటున 28 రోజులు. ఒక ఇంటి నుంచి రెండో ఇంటికి, అక్కడి నుంచి మూడో ఇంటికి పాకాలంటే నెలలు పట్టాలి. ఇక్కడ 13 మందీ అక్టోబరు 8కీ 19కీ మధ్య, 12 రోజుల్లోనే పడిపోయారు. గొలుసులా ఒకరి నుంచి ఒకరికి వచ్చే అవకాశం దాదాపు లేదు. అందరికీ ఇంచుమించు ఒకేసారి, సెప్టెంబరులో, ఒకే చోటు నుంచి సోకి ఉండాలి. ‘గత వారం ఎవరిని కలిశారు’ అన్న ప్రశ్నే తప్పు కాలానికి వేసిన ప్రశ్న.

తర్వాత ఇళ్ల లెక్క. జబ్బు వచ్చిన 11 ఇళ్లూ బి-బ్లాకువే. ఎ-బ్లాకులో ఒక్కటి కూడా లేదు. పనావిడ బి-బ్లాకులో ఐదిళ్లలో పనిచేస్తుంది, మూడింట్లో జబ్బు వచ్చింది. ఆమె అడుగుపెట్టని 15 ఇళ్లలో ఎనిమిదింట్లో వచ్చింది. రెండు చోట్లా సగానికి కాస్త ఎక్కువ. ఆమె వెళ్లినా, వెళ్లకపోయినా పెద్ద తేడా లేదు. ఎ-బ్లాకులోనూ ఆమె రెండిళ్లలో చేస్తుంది. అక్కడ అందరూ క్షేమం.

అప్పుడు కుర్రాడే అన్నాడు. “అంకుల్, రెండు బ్లాకులకూ సంపులు వేరు.”

రెండు సంపులను రెండు చుక్కలుగా పెట్టి, ఏ ఇంటికి ఏ సంపు నీళ్లో గీతలు గీశాడు. తెర మీద బొమ్మ కదిలి కదిలి రెండు గుత్తులుగా విడిపోయింది. ఒక గుత్తిలో ఎర్ర చుక్క ఒక్కటీ లేదు. రెండోదాంట్లో సగానికి పైగా ఎరుపే. పనావిడ చుక్క రెండింటికీ మధ్య చిన్నగా మిగిలింది.

ఇది కూడా తీర్పు కాదని చెప్పాను. ఇది కూడా ప్రశ్నే. కానీ పరీక్షించగలిగిన ప్రశ్న. కిందికి వెళ్లి చూస్తే బి-బ్లాకు సంపును ఆనుకునే డ్రైనేజీ చాంబర్ ఉంది. సెప్టెంబరు రెండో వారంలో పెద్దవాన పడిన రాత్రి ఆ చాంబర్ పొంగి నీళ్లు సంపు మూత చుట్టూ నిలిచాయని వాచ్‌మన్ చెప్పాడు. ఆ సంగతి అతడికి ముందునుంచీ తెలుసు. ఎవరూ అడగలేదు. సంపు నీటిని ల్యాబ్‌కు పంపితే మలంతో కలుషితమైనట్టు చెప్పే బ్యాక్టీరియా ఉందని తేలింది. సంపు ఖాళీ చేయించి లోపలి గోడ చూస్తే చాంబర్ వైపు పగులు కనిపించింది.

“మేం తాగేది ఫిల్టర్ నీళ్లే కదా బావగారూ?” అంది మా మరదలు. తాగేది ఫిల్టర్ నీళ్లే. పళ్లు తోముకుని పుక్కిలించేది కుళాయి నీళ్లతో. కొత్తిమీర, కీర, ద్రాక్షపళ్లు కడిగేదీ ఆ నీళ్లతోనే. గ్లాసులు చివరిసారి తొలిచేదీ వాటితోనే.

గోడకు మరమ్మతు చేయించి, సంపు కడిగించి, క్లోరిన్ వేయించారు. జబ్బు పడనివాళ్ల టీకా సంగతి డాక్టరును అడగమని చెప్పాను. ఆ నెలాఖరులోగా ఇంకో ఇద్దరికి వచ్చింది. అవి అప్పటికే లోపలికి వెళ్లిన వైరస్ తాలూకువి. ఆ తర్వాత కొత్తగా ఎవరికీ రాలేదు. అసోసియేషన్ పనావిడను ఆపి ఊరుకుని, సంపు అలాగే వదిలేసి ఉంటే? మరో వానకు మరో పదిమంది పడేవారు. నీళ్ల ద్వారానే వచ్చే హెపటైటిస్-ఇ గర్భిణులకు ప్రాణాంతకం కావచ్చు. ఆ బ్లాకులో అప్పుడు ఇద్దరు గర్భిణులున్నారు. తప్పు మనిషిని పట్టుకోవడం ఒకరికి అన్యాయం మాత్రమే కాదు. అసలు కారణం అందరి ఇళ్లలోకీ పారుతూనే ఉంటుంది.

గీత ఉంటే అంటినట్టేనా?

“కలిశారంటే అంటినట్టే” అనే భయం కొవిడ్ కాలంలో మనందరిలో పాతుకుపోయింది. దీనికి జవాబు మన రాష్ట్రం నుంచే ఉంది. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తిరిగి సేకరించిన కాంటాక్ట్ ట్రేసింగ్ వివరాలను విశ్లేషించి 2020లో ‘సైన్స్’ పత్రికలో ఒక అధ్యయనం వెలువరించారు. 84,965 మంది రోగులు, వారితో కలిసిన 5,75,071 మంది. ఇంత పెద్ద ముగ్గు అప్పటికి ప్రపంచంలో అరుదు. 70 శాతానికి పైగా రోగుల విషయంలో, వారి కాంటాక్టులుగా గుర్తించినవారిలో ఒక్కరికి కూడా ఇన్ఫెక్షన్ కనిపించలేదు. గీతలు ఉన్నాయి, జబ్బు దాటలేదు. కొద్దిమంది నుంచే చాలామందికి వెళ్లింది. గీత అంటే ఒక అవకాశం మాత్రమే.

గీత మరో విధంగానూ మోసం చేస్తుంది. 2007లో అమెరికాలో 12,067 మంది స్నేహ, బంధుత్వాలను 32 ఏళ్ల పాటు గమనించి ఒక అధ్యయనం వచ్చింది. స్నేహితుడు స్థూలకాయుడైతే మనకూ ఆ అవకాశం 57 శాతం పెరుగుతుందని అది చెప్పింది. రంగు చుక్కల బొమ్మలతో ప్రపంచమంతా తిరిగింది. మరుసటి ఏడాదే మరో ఇద్దరు పరిశోధకులు అలాంటి పద్ధతినే మొటిమలకు, తలనొప్పికి, ఎత్తుకు వాడి చూశారు. అవి కూడా స్నేహితుల మధ్య ‘అంటుకుంటున్నట్టు’ కనిపించాయి! పొడుగు ఎలా అంటుకుంటుంది? ఒకే తరహావాళ్లు స్నేహితులవుతారు. ఒకే పరిసరాల్లో ఉంటారు, ఒకే తిండి తింటారు. పోలిక కనిపించినంత మాత్రాన ఒకరి నుంచి ఒకరికి వచ్చిందని కాదు. మీ అబ్బాయి బరువు పెరిగితే స్నేహితుణ్ని తిట్టే ముందు, ఇద్దరూ సాయంత్రం ఎక్కడ తింటున్నారో చూడండి.

ఇంట్లో వాడుకునే తీరు

ఇంత చెప్పి, ఈ బొమ్మలు వద్దని అనను. గీయండి. సాఫ్ట్‌వేర్ లేకపోతే పాత క్యాలెండర్ వెనకవైపు గీయండి.

ఇంట్లో పెద్దవాళ్లు ముగ్గురు డాక్టర్ల దగ్గరికి వెళ్తుంటే ఒక వరసలో డాక్టర్లను, మధ్య వరసలో మాత్రలను, చివరి వరసలో ఆ మాత్రల్లోని మందును రాయండి. పెట్టె మీద బ్రాండు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండేది మందు పేరు. గీతలు కలిపితే, రెండు వేరు బ్రాండ్లు ఒకే మందు దగ్గర కలుస్తున్నాయేమో తెలుస్తుంది. అలా కనిపిస్తే మాత్ర మానేయకండి. ఆ కాగితం డాక్టరుకు చూపించి, ఇది కావాలనే ఇచ్చారా అని అడగండి.

మూడు తరాల వంశవృక్షమూ ఇలాంటిదే. వైద్యులు మగవారిని చతురస్రంగా, ఆడవారిని వృత్తంగా గీస్తారు. మేనరికానికి జంట గీత పెడతారు. చక్కెరజబ్బు, చిన్నవయసు గుండెపోటు, తలసీమియా ఉన్నవారి గుర్తులకు రంగు వేస్తే ఏ వైపు ముందుగా పరీక్షలు చేయించుకోవాలో డాక్టరు చెప్పగలుగుతారు. “మీ వైపు నుంచే వచ్చింది” అని భార్యాభర్తలు పోట్లాడుకోవడానికి మాత్రం ఆ కాగితం వాడకండి.

మీ కాలనీ గ్రూపులో ఎప్పుడైనా ఇలాంటి బొమ్మ వస్తే, ముందుకు పంపే ముందు ఐదు ప్రశ్నలు వేసుకోండి.

1. గీత దేనికి గుర్తు? కలిశారనా, కలిసి తిన్నారనా, ఒకే నీళ్లు వాడారనా?

2. జబ్బు పడనివాళ్లు బొమ్మలో ఉన్నారా? లేకపోతే అది సగం బొమ్మే.

3. తేదీలు ఉన్నాయా? ఆ జబ్బు బయటపడటానికి పట్టే కాలంతో అవి సరిపోతున్నాయా?

4. మధ్యలో ఉన్న మనిషి అక్కడికి ఎందుకు వచ్చారు? జబ్బు వల్లనా, పదిమందితో పని ఉండటం వల్లనా? పనివాళ్లు, వాచ్‌మన్, ట్యూషన్ టీచరు, నర్సు ఏ బొమ్మలోనైనా మధ్యకే వస్తారు.

5. గీయకుండా వదిలేసింది ఏమిటి? నీళ్లు, ఆహారం, గాలి, దోమలు మనుషుల్లా మాట్లాడవు. కాబట్టి అవి పట్టికలోకి వాటంతట అవి రావు.

ఇంకో మాట. ఎవరి జబ్బు వివరాలైనా వారి అనుమతి లేకుండా గ్రూపుల్లో పెట్టకండి. ఫ్లాటు నంబరు రాసినా పేరు రాసినట్టే.

ఆమెను ఎవరూ అడగలేదు

పాప కోలుకుంది. రెండు నెలలు ఆటలు మానేసింది, అంతే. కుర్రాడు మొదటి బొమ్మను గ్రూపులోంచి తీసేసి, రెండోది పెట్టి, తన పొరపాటు ఏమిటో తనే రాశాడు. అది అందరూ చేయగలిగే పని కాదు. అతడంటే నాకు గౌరవం.

పనావిడను ఏడిళ్లలో నాలుగిళ్లవాళ్లు మళ్లీ పిలిచారు. మిగతా మూడిళ్లు అప్పటికే వేరేవాళ్లను పెట్టుకున్నాయి. పోయిన జీతం మా తమ్ముడు కొంత, కుర్రాడు కొంత వేసి ఇచ్చారు. అసోసియేషన్ మీటింగులో ఆ విషయం ఎత్తితే, “అయిపోయిందిగా” అన్నారట.

తిరిగి వచ్చేరోజు గేటు దగ్గర ఆమె కనిపిస్తే పలకరించాను. మాటల్లో అడిగాను, నీకేమైనా నలత చేసిందా అమ్మా అని. “నాకేం కాలేదు సార్. నేను ఇక్కడి నీళ్లే తాగను. ఇళ్లలో గ్లాసు అడగడం బాగోదని మా ఇంటినుంచే సీసా తెచ్చుకుంటా” అంది.

మొదటి బొమ్మలో అందరికంటే పెద్ద చుక్క ఆమెదే. ఇరవై గీతలు ఆమె చుట్టూ తిరిగాయి. గీసినవాళ్లు, చూసినవాళ్లు, ముందుకు పంపినవాళ్లు... ఒక్కరు కూడా ఆమెను ఒక్క ప్రశ్న అడగలేదు. అడిగి ఉంటే మొదటి రోజే ఎవరో ఒకరు నీళ్ల వైపు చూసేవారు.